నీలంగా ఉంటే చాలదు: సరిహద్దు కొండల్లో సాఫిరిన్‌ను గుర్తుపట్టడం

నీలంగా మెరిసే ప్రతి రాయీ నీలం కాదని రంగురాళ్ల బేరం నడిచే ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపురం, కోరాపుట్ చుట్టుపక్కల పోడు దున్నేటప్పుడో, గెడ్డలో ఇసుక తోడేటప్పుడో నీలి గింజ ఒకటి బయటపడితే దాన్ని కడిగి, ఎండకు ఎత్తి చూసి, బేరగాళ్లకు చూపిస్తారు. వాళ్లు పెదవి విరిస్తే రాయి మళ్లీ గట్టుమీదికే పోతుంది. ఈ కొండల పట్టీలో ఉండే ఒక నీలి ఖనిజానికి నగల బజారులో పెద్ద గిరాకీ లేదు. కానీ తనను మోస్తున్న రాయి ఎంత వేడిలో, ఎంత లోతున ఉడికిందో చెప్పడంలో దానికి సాటివచ్చే ఖనిజాలు బహు తక్కువ. దాని పేరు సాఫిరిన్. కొండమీద సుత్తి, భూతద్దం తప్ప మరేమీ లేనప్పుడు దాన్ని ఎలా పోల్చుకోవాలన్నదే ఇక్కడ విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాఫిరిన్‌ను పట్టిచ్చేవి దాని పక్కనున్న ఖనిజాలు. రంగుది ఆఖరి మాట.

సాఫిరిన్ అన్న పేరు 1819 నాటిది. గ్రీన్‌లాండ్ పడమటి తీరాన ఫిస్కెనెస్సెట్ దగ్గర దొరికిన నీలి ఖనిజానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ స్ట్రోమాయర్ నీలమణి రంగును బట్టి ఈ పేరు పెట్టాడు. నీలమణితో దీనికున్న చుట్టరికం ఆ రంగు వరకే. నీలమణి అంటే కురువిందం, ఒట్టి అల్యూమినియం ఆక్సైడ్. సాఫిరిన్‌లో మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ మూడూ ఉంటాయి. మెగ్నీషియం, అల్యూమినియంల చోట్లలో కొంత ఇనుము కూడా దూరుతుంది. ఇది సిలికేటే, కానీ సిలికా విషయంలో చాలా పేద సిలికేటు. బరువు లెక్కన చూస్తే సుమారు మూడింట రెండు వంతులు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), ఐదో వంతు మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్), మిగిలిన కొద్దిపాటిదే సిలికా: 13 శాతానికి అటూ ఇటూ. మనకు రోజూ కనిపించే పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో సిలికా 65 శాతం దాకా ఉంటుంది. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, వెతుకులాట అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంత అరుదుగా ఎందుకు దొరుకుతుందంటే, రెండు షరతులు ఒకేచోట కలవాలి. మొదటిది రసాయనం. రాతిలో అల్యూమినియం దండిగా ఉండాలి, మెగ్నీషియం కూడా దండిగా ఉండాలి, సున్నం, పొటాషియం తక్కువగా ఉండాలి. మామూలు బంకమన్ను నుంచి పుట్టిన రాళ్లలో అల్యూమినియానికి కొదవలేదు గానీ మెగ్నీషియం చాలదు. ఇనుము ఎక్కువైతే ఆ అల్యూమినియం గార్నెట్‌లోకి, నల్లటి స్పైనెల్‌లోకి పోతుంది. సాఫిరిన్‌కు మిగలదు. రెండోది వేడి. భూమి పైపొరలో పాతిక, ముప్పై కిలోమీటర్ల లోతున మామూలుగా ఉండే వేడి దీనికి, ముఖ్యంగా పలుగురాయితో కలిసి ఉండే సాఫిరిన్‌కు, చాలదు. పలుగురాయితో కలిసి ఉండేదానికైతే 900 డిగ్రీల సెల్సియస్ పైమాటే కావాలి. అంత వేడిని చూసిన రాళ్లను అత్యధిక ఉష్ణోగ్రతా రూపాంతర శిలలు అంటారు. ప్రపంచంలో అవి పేరుపెట్టి చెప్పుకోదగ్గ కొన్ని చోట్లలోనే ఉన్నాయి. తూర్పు కనుమలు వాటిలో ఒకటి.

అందుకే మన కొండల గురించి కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. పర్లాకిమిడి నుంచి రాయగడ మీదుగా కోరాపుట్ దాకా ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. పలుగురాయి, గార్నెట్, సిల్లిమనైట్, అక్కడక్కడా గ్రాఫైట్ కలిసిన రాయి ఇది. 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ ఈ కొండల్లో బతికే ఖోండుల పేరునే దీనికి పెట్టాడు. కోణార్క సూర్యదేవాలయంలో, పూరీ జగన్నాథుని గుడిలో ఉన్నది ఈ రాయే. వానలకు నాని, వేల వేల ఏళ్లు కుళ్లి, ఇదే దమంజోడి పక్కన పంచపట్‌మాలి మీద బాక్సైట్‌గా మారింది. ఖోండలైట్ మధ్య మధ్యలో ముదురు రంగు చార్నకైట్, తెల్లటి లెప్టినైట్ పట్టీలు వస్తాయి. సాఫిరిన్ ఈ మూడింటిలోనూ నేరుగా ఉండదు. వీటి మధ్య ఇరుక్కుపోయిన చిన్న చిన్న ముద్దల్లో, మెగ్నీషియం, అల్యూమినియం రెండూ మెండుగా ఉన్న గ్రాన్యులైట్ (బాగా ఎక్కువ వేడిలో మారిన రాయి) కటకాల్లో ఉంటుంది. ఒక్కో కటకం కొన్ని అడుగులు ఉండొచ్చు, కొన్ని మీటర్లు ఉండొచ్చు. భూగర్భ పటంలో ఆ కొలతకు చోటుండదు. పటం చూసి కొండను ఎంచుకోవచ్చు, రాతిని మాత్రం నడిచే వెతుక్కోవాలి.

ఆంధ్ర వైపు పాడేరు, అనంతగిరి, అరకు దగ్గరి సుంకరిమెట్ట రాళ్లలో సాఫిరిన్ గురించి చాలా పరిశోధన జరిగింది. ఒడిశా వైపు చిలకా సరస్సు దగ్గరి గ్రాన్యులైట్లలోనూ ఉంది. ఆ రెండు చివరల మధ్య పరుచుకున్న పట్టీయే మన కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాలు. పాత నివేదికలు చదివేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ఈ ప్రాంతపు సాఫిరిన్ గురించి భూగర్భ సర్వే వాళ్లు రాశారు. ఆ రాతల్లో కనిపించేది 'విశాఖపట్నం జిల్లా కొండ ప్రాంతం' అన్న మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం జమీందారీ అంతా ఆ జిల్లాలోనిదే. కాబట్టి పాత నివేదికలో విశాఖ అని కనిపించగానే చింతపల్లి, పాడేరు వైపే పరుగెత్తకూడదు. అందులోని ఊరి పేరు సరిహద్దుకు ఏ పక్కన పడిందో నేటి పటంతో సరిచూసుకోవాలి.

ఇక కొండెక్కుదాం. మొదట వెతకాల్సింది నీలి గింజను కాదు, అది ఉండదగ్గ రాతిని. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కోసిన కొండ పక్కలు, క్వారీ గోడలు, వానాకాలం వెళ్లాక శుభ్రంగా కడిగినట్టు బయటపడే గెడ్డ అడుగులు ఇందుకు మంచి చోట్లు. ఖోండలైట్ ఎక్కువగా ఎర్రబారి, చేత్తో నలిపితే రాలేలా ఉంటుంది. మనకు కావలసిన ముద్ద దాని మధ్యలో మొండిగా, చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. సుత్తి వేస్తే ఖంగుమంటుంది. చేతిలోకి తీసుకుంటే అంత ముక్కకు ఉండాల్సిన దానికన్నా బరువు అనిపిస్తుంది. పైతొడుగు తుప్పు రంగులో ఉండి ఏమీ చెప్పదు. పగలగొట్టి, లోపలి తాజా ముఖాన్ని నీళ్లతో తడిపి, పొద్దుటి ఏటవాలు ఎండలో చూడాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఈ రాళ్లను కొట్టవద్దు. చిన్న పెంకులే కత్తుల్లా ఎగురుతాయి.

తాజా ముఖంలో ముందుగా కంచు రంగులో, గోధుమ రంగులో అడ్డంగా మెరిసే పలకలు కనబడితే అవి ఆర్థోపైరాక్సీన్ కావచ్చు. తేనె రంగు అభ్రకం పొరలు, నల్లటి స్పైనెల్ చుక్కలు, అయస్కాంతానికి అతుక్కునే మాగ్నెటైట్ పొడి, గాజులా కనిపించే బూడిద నీలపు కార్డియరైట్, తెల్లటి సూదుల్లా సిల్లిమనైట్, ఎర్ర గార్నెట్: వీటిలో నాలుగైదు ఒకేచోట చేరి, ఫెల్డ్‌స్పార్ దాదాపు లేకపోతే ఆగి చూడాలి. మెగ్నీషియం, అల్యూమినియం పుష్కలంగా ఉన్నాయనడానికి ఆ గుంపే రుజువు. ఆ గుంపులో నీలి గింజ ఉంటే అది సాఫిరిన్ అవడానికి అవకాశం ఉంది. ఆ గుంపు లేకుండా, మామూలు గ్రానైట్ ముక్కలోనో తెల్లటి ఫెల్డ్‌స్పార్ పట్టీలోనో నీలి గింజ ఉంటే ఎంత అందంగా ఉన్నా అనుమానించాల్సిందే.

గింజ స్వరూపం గురించి పుస్తకాల్లో రాసిన 'లేత నీలం' మాటను మరీ నమ్ముకోకండి. పలుచని పొరగా కోసినప్పుడు కనిపించే రంగు అది. ఇనుము కలిసిన మన కొండల రకం చేతిలోని ముక్కలో ముదురు నీలంగా, నీలి బూడిదగా, ఒక్కోసారి నలుపుకు దగ్గరగా ఉంటుంది. ఎక్కువగా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గింజలే. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో గాజు మెరుపుతో, చదునైన పలకగానో ఆకారం లేని రేణువుగానో కనిపిస్తుంది. చీలిక స్పష్టంగా ఉండదు. కొట్టినప్పుడు అభ్రకంలా పొరగా విడిపోదు, ఫెల్డ్‌స్పార్‌లా మెట్లుగా విరగదు, గరుకుగా పగులుతుంది. అంచు పలుచనైన చోట వెలుతురు లోపలికి పోతే అప్పుడు నీలం బయటపడుతుంది.

ఇప్పుడు మోసపుచ్చే వాటి సంగతి. ఈ కొండల్లో మొదటిది నీలి పలుగురాయి. చార్నకైట్‌లోనూ, దానికి దగ్గరి గ్రానైట్లలోనూ పలుగురాయే జిడ్డు మెరుపుతో నీలంగా ఉంటుంది. లోపల చిక్కుకున్న అతి సన్నని ఖనిజ సూదులు వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చే రంగు అది. గింజలన్నీ ఒకే తీరున, రాయంతా పరుచుకుని ఉండి, చుట్టూ ఫెల్డ్‌స్పార్ ఉంటే అది పలుగురాయి అనుకోవడమే క్షేమం. సాఫిరిన్ అలా రాయంతా సమంగా పరుచుకోదు. ఒక పట్టీలోనో, ఏదో ఒక ఖనిజం అంచునో గుమిగూడుతుంది.

కయనైట్‌ను తప్పించడం తేలిక. పొడవాటి బద్దల్లా ఉంటుంది, బద్ద పొడవునా ఉక్కు కత్తితో గీస్తే గీత పడుతుంది, అడ్డంగా గీస్తే పడదు. సాఫిరిన్ మీద ఏ వైపు నుంచీ కత్తి పనిచేయదు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 7.5. అంటే పలుగురాయిని గీస్తుంది, పుష్యరాగం (టోపాజ్) చేత గీతపడుతుంది. కురువిందానిది 9. అది పుష్యరాగాన్ని కూడా గీసేస్తుంది. వినడానికి ఈ పరీక్ష బాగానే ఉంటుంది గానీ రాతిలో ఇరుక్కున్న మిల్లీమీటరు గింజ మీద చేయడం కష్టం. గీసేది ఆ గింజో, పక్కనున్న గార్నెట్ మొనో తెలియదు. నేనైతే గింజను విడదీసి, నున్నటి పలుగురాయి ముఖం మీద రుద్ది, తడి గుడ్డతో తుడిచి చూస్తాను. తుడిచాక కూడా గీత నిలిస్తేనే లెక్క. చాలాసార్లు అరిగిన పొడే గీతలా కనబడుతుంది. పింగాణీ పలక మీద పొడి రంగు చూసే అలవాటు కూడా ఇక్కడ కుదరదు, ఈ ఖనిజాలు పలకకన్నా గట్టివి. గింజను ఉక్కు ముక్క మీద సుత్తితో నలిపి, తెల్ల కాగితం మీద పోసి చూడాలి. సాఫిరిన్ పొడి తెల్లగా ఉంటుంది. మాగ్నెటైట్‌ది నలుపు, ఇనుము మెండుగా ఉన్న స్పైనెల్‌ది మాసిన పచ్చ.

స్పైనెల్ ఎక్కువగా తికమక పెట్టేది ఎందుకంటే అది సాఫిరిన్‌కు పక్కనే, ఒక్కోసారి దాని కడుపులోనే ఉంటుంది. ముదురు రకం రెండూ భూతద్దంలో నల్లటి గింజలే. ఇక్కడ పోలరాయిడ్ చలువ కళ్లద్దం పనికొస్తుంది. పలుచని పెంకును ఎండకు ఎదురుగా పట్టి, మధ్యలో కళ్లద్దాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. స్పైనెల్ రంగు మారదు, దాని లోపల వెలుగు అన్ని దిక్కులకూ ఒకేలా పోతుంది. సాఫిరిన్ అయితే నీలం తేలిపోయి, మళ్లీ చిక్కబడుతుంది. ఈ పరీక్ష స్పైనెల్‌ను తీసేస్తుంది గానీ కార్డియరైట్‌ను తీసేయదు. దానిలో రంగు మార్పు ఇంకా ఎక్కువ. ఒక దిక్కు నుంచి ఊదా నీలం, మరో దిక్కు నుంచి పలుచని పసుపు. రంగురాళ్ల వ్యాపారులు ఐయోలైట్ అని అమ్మేది దీన్నే.

కార్డియరైట్‌ను బయటపెట్టేది బరువు. దాని సాపేక్ష సాంద్రత, అంటే అంతే పరిమాణం నీటికన్నా ఎన్ని రెట్లు బరువో ఆ లెక్క, సుమారు 2.6, పలుగురాయికి దరిదాపుల్లో. సాఫిరిన్‌ది 3.4 నుంచి 3.6 దాకా. కురువిందానిది 4. గెడ్డలో దొరికే విడి గులకరాయి విషయంలో ఈ తేడాను పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, కంసాలి దగ్గరుండే ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. గుణుపురం వైపు కుర్రాడొకడు గోళీ కన్నా చిన్న నీలి రాయి పట్టుకొచ్చి, "మాస్టారూ, ఇది నీలమేనంటారా? మా బావ సాఫిరినో ఏటో అంటన్నాడు" అని అడిగాడు. రాయి శుభ్రంగా ఉంది, వేరే రాతి అంటు లేదు. తెలిసిన కంసాలి కొట్టుకు వెళ్లి ముందు పొడిగా తూచాం: 4.16 గ్రాములు. తర్వాత గాజు గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేశాం. రాయిని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకు గానీ పక్కకు గానీ తగలకుండా నీళ్లలో వేలాడదీశాం. దారానికి అంటిన గాలి బుడగలను పుల్లతో తప్పించాక అంకె 1.60 దగ్గర నిలిచింది. ఆ అంకె రాయి తోసేసిన నీటి బరువు, అంటే రాయి ఎంత చోటు ఆక్రమించిందో ఆ కొలత. 4.16ను 1.60తో భాగిస్తే 2.6. అంత పరిమాణంలో సాఫిరిన్ అయితే ఐదున్నర గ్రాములు తూగాలి, కురువిందమైతే 6.4. "అయితే కాదా మాస్టారూ?" అన్నాడు. కాదు, కార్డియరైట్ అని చెప్పి, కళ్లద్దం తిప్పి చూపించాను. ఊదా నీలం పోయి పసుపు తేలడం చూసి అతని ముఖం విప్పారింది. ఆ రాయిని అమ్మనని, ఇంట్లోనే ఉంచుకుంటానని అన్నాడు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. రాతిలో కలిసి ఉన్న గింజకు పనికిరాదు. గింజ మరీ చిన్నదైతే దారం, బుడగలే తప్పుడు అంకె ఇస్తాయి. కయనైట్, స్పైనెల్ సాంద్రతలు 3.6 దగ్గర్లో ఉంటాయి కాబట్టి 3.5 వచ్చినంత మాత్రాన సాఫిరిన్ అని తేల్చలేం. కాని 2.6 వస్తే సాఫిరిన్ కాదని ఖాయంగా చెప్పవచ్చు. పొలంలో చేసే పరీక్షలన్నిటి స్వభావం ఇదే: కాదనడంలో గట్టివి, ఔననడంలో బలహీనమైనవి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతికి వస్తాను. నీలి గింజ దొరికాక దానికి పలుగురాయి తగులుతోందా, లేదా? సిలికా కరువైన ఖనిజం కాబట్టి సాఫిరిన్ మామూలుగా పలుగురాయి ఉన్నచోట బతకదు. సిలికా దొరికితే దాన్ని కలుపుకుని వేరే ఖనిజంగా మారిపోతుంది. లెక్క సూటిగా ఉంటుంది. బరువు లెక్కన కాకుండా అణువుల లెక్కన రెండు పాళ్లు మెగ్నీషియా, రెండు పాళ్లు అల్యూమినా, ఒక పాలు సిలికా ఉన్న సాఫిరిన్‌కు నాలుగు పాళ్ల సిలికా కలిస్తే అచ్చంగా కార్డియరైట్ అవుతుంది. మూడు పాళ్లే కలిస్తే ఆర్థోపైరాక్సీన్, సిల్లిమనైట్ జంటగా పుడతాయి. ఈ మార్పులేవీ జరగకుండా సాఫిరిన్, పలుగురాయి రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలవాలంటే విపరీతమైన వేడి ఉండాలి, చాలా రాళ్లలో అది 1000 డిగ్రీల చుట్టుపక్కల. 1968లో అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండ్ రాళ్లలో ఈ జంటను మొదటిసారి ప్రకటించినప్పుడు భూమి పైపొర అంత వేడెక్కగలదా అన్న ప్రశ్న వచ్చింది. తర్వాత 1980లలో పాడేరు రాళ్లలోనూ అదే జంట కనిపించింది. తూర్పు కనుమల ఈ భాగం సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంతో ఒక్కటిగా ఉండేదని ఇప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కువ మంది ఒప్పుకుంటున్నారు. ఎండర్బీ ల్యాండ్‌లోని నేపియర్ రాళ్లు అంతకన్నా ఎంతో పాతవి, వాటితో మన రాళ్లను కలిపేయకూడదు.

భూతద్దం కింద గింజ అంచులను చూడటం అందుకే. సాఫిరిన్‌కూ పలుగురాయికీ మధ్య సన్నని తెల్లని గీతో గోధుమ రంగు గీతో ఉందా? ఉంటే వేడి తగ్గేటప్పుడు రెండూ కలిసి ఆ గీతలోని ఖనిజాలను పుట్టించాయన్నమాట. కొన్ని రాళ్లలో ఇది ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తుంది: నడుమ నల్లటి స్పైనెల్, దాని చుట్టూ నీలి సాఫిరిన్, దాని చుట్టూ సిల్లిమనైట్, బయట పలుగురాయి. బయటి పలుగురాయిని పక్కన పెడితే, లోపలి పొర పాతది, బయటికి వచ్చేకొద్దీ తర్వాతిది. ఆ చివరి పొర ఏదన్నది కూడా విలువైన సమాచారమే. ఆర్థోపైరాక్సీన్, సిల్లిమనైట్ రెండూ బరువైన ఖనిజాలు, తక్కువ చోటు పట్టేవి. ఒత్తిడి ఎక్కువ ఉన్నచోట అవి నెగ్గుతాయి. కార్డియరైట్ తేలికైనది, చోటు ఎక్కువ కావాలి. పైనున్న కొండల బరువు తగ్గి ఒత్తిడి సడలినప్పుడు అది నెగ్గుతుంది. కాబట్టి అంచున సిల్లిమనైట్, ఆర్థోపైరాక్సీన్ ఉంటే రాయి లోతులోనే ఉండి చల్లారిందని, కార్డియరైట్ ఉంటే పైకి లేస్తూ మారిందని ప్రాథమికంగా అనుకోవచ్చు. రెండూ ఉంటే, ఏది ఏ పొరను చుట్టుకుని ఉందో చూసి వరస తేల్చాలి. తూర్పు కనుమలు ముందు వేడెక్కి తర్వాత లోతుకు దిగాయా, ముందు దిగి తర్వాత వేడెక్కాయా అన్న వాదన ఇలాంటి అంచుల మీదే నడిచింది.

కురువిందం విషయంలోనూ పలుగురాయే మంచి సాక్షి. నీలి గింజ పలుగురాయిని నేరుగా తాకుతూ ఉంటే అది కురువిందం అయ్యే అవకాశం చాలా తక్కువ. ఆ రెండూ మామూలుగా కలిసి నిలవవు, మధ్యలో సిల్లిమనైట్ పుట్టేస్తుంది. అవి పక్కపక్కనే ఉన్నట్టు కొన్ని అరుదైన నమూనాలను శాస్త్రవేత్తలు ప్రకటించిన మాట నిజమే, తూర్పు కనుమల నుంచి కూడా. అవి నిజంగా కలిసే పెరిగాయా, లేక తర్వాత దగ్గరయ్యాయా అన్న చర్చ ఉంది. కొండమీద మనకు ఆ మినహాయింపు అక్కర్లేదు. మామూలు నియమంతోనే మొదలుపెట్టండి.

ఇదంతా చెప్పాక ఒక హెచ్చరిక. ఈ అంచులు, ఈ తాకిడి రాతిలో ఉన్నంతసేపే ఉంటాయి. నీలి గింజను ఊడబీకి సీసాలో వేసుకుంటే చేతిలో మిగిలేది ఒక రంగు రేణువు మాత్రమే. అరచేయంత ముక్కనైనా గింజ చుట్టూ ఉన్న రాతితో సహా తీయాలి. తీయడానికి ముందు ఫోటో తీయండి, పక్కన నాణెమో పెన్నో పెట్టి. ముక్క మీద పై దిక్కు, ఉత్తర దిక్కు మార్కరుతో గుర్తు పెట్టండి. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. చుట్టూ ఉన్నది ఖోండలైటా, చార్నకైటా, ముద్ద ఎన్ని అడుగులు ఉంది, పొరలు ఏ దిక్కుకు వాలి ఉన్నాయి అన్నవి అక్కడే నోటుబుక్‌లో పడాలి. సాయంత్రం ఇంటికి వచ్చి గుర్తు తెచ్చుకుంటే తప్పులు దొర్లుతాయి. భూగర్భ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో ఈ జిల్లాల పటాలు ఉచితంగా దొరుకుతాయి. బయల్దేరే ముందే ఫోన్‌లో దించుకుంటే కొండమీద సిగ్నల్ లేకపోయినా పని నడుస్తుంది.

అనుమతుల మాట కూడా చెప్పాలి. కోరాపుట్, రాయగడ జిల్లాలు ఐదో షెడ్యూలు ప్రాంతాలు. అడవి అయితే అటవీ శాఖను, ఊరి కొండ అయితే ఊరి పెద్దలను అడగకుండా సుత్తి ఎత్తకూడదు. రంగురాళ్ల కోసం దొంగతవ్వకాలు జరిగిన చోట్ల కొత్త మనిషి, చేతిలో సుత్తి కనబడితే ఊరివాళ్లకు అనుమానం రావడం న్యాయమే. ఎందుకు చూస్తున్నారో కూర్చుని చెప్పండి, తీసిన ముక్కను చూపించండి. రైలు మార్గం పక్కనున్న కొండ కోతల్లో రాయి ఎంత తాజాగా ఉన్నా అనుమతి లేకుండా అడుగుపెట్టవద్దు. తీసేది కూడా రాలిపడిన ముక్క అయితే మంచిది. ఉన్న ఒక్క ముద్దనూ పగలగొట్టేస్తే తర్వాత వచ్చే పరిశోధకుడికి అంచులు చూసే వీలుండదు.

ఇంత జాగ్రత్తగా చూసినా కొండమీద మనం రాయగలిగింది 'సాఫిరిన్ కావచ్చు' అన్న మాటే. తేల్చేది మూడు అంచెల్లో జరుగుతుంది. ముందు రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకకు అతికించి, పోలరైజింగ్ సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ మందంలో సాఫిరిన్ రంగు దిక్కును బట్టి దాదాపు రంగులేనిదిగానో నీలంగానో మారుతుంది. చుట్టూ ఉన్నవాటి కన్నా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, కాబట్టి కార్డియరైట్ వెంటనే వేరుపడుతుంది. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య స్పైనెల్ పూర్తిగా చీకటిగా ఉండిపోతుంది. రామన్ వర్ణపటం (లేజర్ వెలుగు గింజ మీద పడి చెదిరే తీరు) తీసే వసతి ఉంటే గింజను కోయకుండానే పేరు తేలుతుంది. ఆఖరున ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్. వెంట్రుక మందంలో చిన్న వంతు ఉండే చుక్క మీద ఎలక్ట్రాన్లను పంపి మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, ఇనుము ఎంతెంత ఉన్నాయో కొలుస్తుంది. పక్కనున్న ఆర్థోపైరాక్సీన్‌లో ఎంత అల్యూమినియం దూరిందో కూడా అప్పుడే కొలుస్తారు. వేడి పెరిగేకొద్దీ ఆ ఖనిజంలోకి అల్యూమినియం ఎక్కువగా దూరుతుంది కాబట్టి ఉష్ణోగ్రత లెక్క కట్టేది ఎక్కువగా దాన్నుంచే. అందుకని ప్రయోగశాలకు పంపే ముక్కలో నీలి గింజ ఒక్కటే ఉంటే సరిపోదు. దానికి ఆనుకుని ఒక కంచు రంగు పలక, వీలైతే ఒక పలుగురాయి గింజ ఉన్న ముక్కనే ఎంచి, ఎక్కడ కోయాలో దాని మీద గీత గీసి పంపాలి.